తొక్కు, పట్టు, వదులు

తాండూరులో కరణ్‌కోట రోడ్డు మీద తిరిగేవాళ్ళకు రెండు సంగతులు బాగా తెలుసు. పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరితే సాయంత్రానికి దాని మీద బూడిదరంగు పొర పేరుకుంటుందన్నది మొదటిది. సిమెంటు లారీలు లేపే దుమ్ము కొంత, నాపరాళ్ళు కోసే మిషన్ల దుమ్ము కొంత. రెండోది, ఆ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కుమారస్వామి బాగుచేసిన బ్రేకు మీద శ్యామల కాలు పడందే ఏ బండీ బయటికి పోదన్నది.

శ్యామల మెకానిక్కు కాదు. ఎవరైనా ఆ మాటంటే "నాకేం తెల్సు, నాది తొక్కుడు పనే" అంటుంది. ఇరవై నాలుగేళ్ళుగా తొక్కుతోంది. కార్లు, జీపులు, పాల వ్యాన్లు, పెళ్ళివాళ్ళను మోసుకొచ్చిన బండ్లు, ఒకసారి పోలీసుల జీపు కూడా. నడపడం మాత్రం ఈనాటికీ రాదు. స్టీరింగు ముందు ఇన్నేళ్ళు కూర్చుని బండిని జానెడైనా కదిలించని మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉంటే చూపించండి చూద్దాం!

ఆమె పుట్టింది మోమిన్‌పేట్ పక్క పల్లెలో. పెళ్ళయ్యేదాకా కలుపు కూలికి పోయింది. కుమారస్వామిది కుల్కచర్ల. అతని నాయిన చంద్రప్ప, అవ్వ చంద్రవ్వ చేను తప్ప ఇంకో లోకం ఎరగని మనుషులు. కొడుకు మాత్రం ఊళ్ళో ట్రాక్టరు ఆగిపోయినప్పుడల్లా దాని కిందికి దూరేవాడు. అట్లా దూరి దూరి చివరికి తాండూరులో తేలి, షెడ్డు పెట్టాడు.

పెళ్ళయిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం శ్యామల అన్నం గిన్నె పట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. కుమారస్వామి జీపు చక్రం దగ్గర బోర్లా పడుకుని ఉన్నాడు. పెడల్ తొక్కడానికి మనిషి లేడు.

"శ్యామలా, జర ఎక్కి కూసో."

"ఎక్కడ?"

"స్టీరింగు ముందట."

"అమ్మో! నాతోని కాదు, నేను నడప!"

"నిన్ను నడపమన్నది ఎవ్వలే? కాలుతోని తొక్కమంటున్న. గంతే."

బ్రేకు గొట్టాల్లో ఆయిల్ ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ బలాన్ని ఆయిల్ చక్రం దాకా మోసుకుపోతుంది. మధ్యలో కాస్త గాలి దూరిందా, తొక్కిన బలమంతా గాలిని నొక్కడానికే సరి. పెడల్ మెత్తబడుతుంది, బండి ఆగాల్సిన చోట ఆగదు. ఆ గాలిని తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి గట్టిగా పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న మూతిని పానాతో వదులు చేయాలి. అప్పుడు బుడగలు బుడగలుగా గాలి, దానితో పాటు ఆయిల్ బయటికి వస్తాయి. నిపుల్ మళ్ళీ బిగించేదాకా పైనున్న మనిషి కాలు ఎత్తకూడదు. ఎత్తితే బయటి గాలి మళ్ళీ లోపలికి పోతుంది.

మొదటి రోజు శ్యామల అదే చేసింది. పెడల్ ఉన్నట్టుండి కాలి కింద దిగిపోయేసరికి భయపడి కాలు తీసేసింది.

"అరె! నేను వదులుమన్ననా?" అని కింది నుంచి అరిచాడు కుమారస్వామి.

"బండి ఇరిగిపోయిందేమో అనుకున్న!"

ఆ రోజు నుంచి ఇద్దరి మధ్య మూడు మాటల ఒప్పందం. తొక్కు అంటే తొక్కిన అనాలి. పట్టు అంటే పట్టిన. వదులు అంటేనే వదలాలి, వదిలిన అని చెప్పాలి. ఇంకోటి కూడా ఆమె తనంతట తాను కనిపెట్టింది. చెప్పులతో తొక్కితే ఏమీ తెలియదు. అందుకని చెప్పులు విడిచి, పైట నడుముకు దోపి, వట్టి పాదంతో తొక్కేది. పని అయిపోయాక కుమారస్వామి "ఎట్లున్నది?" అని అడిగేవాడు. ఆమె గట్టిగున్నది అంటేనే చక్రాలు బిగించేవాడు. జర మెత్తగున్నది అంటే, ఇంకో మాట లేకుండా మళ్ళీ పానా అందుకునేవాడు. ఆమె పాదం ఏనాడూ తప్పు చెప్పలేదు.

ఒకసారి జాతరకు తీసుకుపోతానని మాటిచ్చి, ఆ రోజంతా ఒక పాల వ్యాను కింద గడిపాడు మహానుభావుడు. శ్యామలకు కోపం నషాళానికి ఎక్కింది. నాలుగు రోజులు మాటల్లేవు. కానీ బ్రేకు పనులు ఆగవు కదా! ఆ నాలుగు రోజులూ మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకున్నవి ఆ మూడు మాటలే. నాలుగో రోజు కుమారస్వామి "పట్టు" అని, కాసేపు ఆగి, "కోపం పట్టకు" అని గొణిగాడు. శ్యామలకు నవ్వు ఆగలేదు. నవ్వింది గానీ కాలు మాత్రం ఎత్తలేదు, పాపం.

బిందు పుట్టాక పిల్లను ఒళ్ళో వేసుకునే తొక్కింది. ఒక రోజు అతను నిపుల్ తెరిచి ఉండగానే ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి, మాటల్లో పడి పావుగంట మరిచిపోయాడు. తిరిగొచ్చి చూస్తే ఆమె చెమటలు కక్కుతూ పెడల్ మీదే ఉంది. ఒళ్ళో బిందు నిద్రపోతోంది.

"ఇంకా పట్టుకొనే ఉన్నవా?"

"నువ్వు వదులుమనలేదు కదా."

ఆ మాటకు కుమారస్వామి ఆ రోజు ఆమె కాలు నిమిరాడు. ఈనాటికీ ఆ సంగతి ఎత్తితే మొహం అటు తిప్పుకుంటాడు.

ఇట్లా ఇరవై మూడేళ్ళు గడిచాయి. పోయిన ఉగాదికి వారం ముందు, పొద్దున పళ్ళు తోముకుంటూ కుమారస్వామి కూలిపోయాడు. ఎడమ పక్క పడిపోయింది. చెయ్యి, కాలు, మూతి అన్నీ. ప్రాణం నిలబడింది, మాట నిలబడింది. కానీ ఎడమ అనేదొకటి ఉన్నదన్న ధ్యాసే అతనికి పోయింది. పళ్ళెంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపుది అట్లాగే వదిలేసి "అయిపోయింది, ఇంక పెట్టు" అనేవాడు. శ్యామల పళ్ళేన్ని గుండ్రంగా తిప్పి పెట్టేది. అతను మిగిలింది తినేవాడు.

వాళ్ళ వాడకట్టులోనే మల్లిక ఉంటుంది. వికారాబాద్‌లో నర్సు ఉద్యోగం. కుమారస్వామిని అన్నా అంటుంది, శ్యామలను వదినా అంటుంది. కాళ్ళకూ చేతులకూ చేయించాల్సిన కసరత్తులు నేర్పింది మల్లికే. మొదట్లో కుమారస్వామి ఏదీ చేసేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"ఊకె కాలు కదుపు కదుపు అంటే కదుపడు వదినా. అన్నకు తెల్సిన పని చెప్పి చేయించు" అంది మల్లిక.

ఆ సాయంత్రం శ్యామల మంచం కాళ్ళవైపు కూర్చుని, అతని ఎడమ పాదానికి తన అరచెయ్యి ఆనించింది.

"తొక్కు" అంది.

కుమారస్వామి కళ్ళు తెరిచి చూశాడు.

"ఏంది చూస్తున్నవ్? తొక్కు."

ఎనిమిది రోజులు ఏమీ లేదు. తొమ్మిదో రోజు అరచేతికి ఏదో తగిలినట్టయింది. చీమ పాకినంత బలం. "తొక్కిన" అన్నాడు అతను. శ్యామల పట్టు అనలేకపోయింది. వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తిరిగొచ్చి, "పట్టు" అంది. అప్పటి నుంచి రోజూ పొద్దునా సాయంత్రం అదే పని. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచాడు. ఎనిమిదో నెలలో కర్ర కూడా పక్కన పెట్టాడు. ఎడమ చెయ్యి మాత్రం సగమే వచ్చింది, ఎడమ మీద ధ్యాస ఇంకా అంతంత మాత్రమే.

షెడ్డు తెరిచాడు గానీ ఒక్క బండీ రాలేదు. వచ్చేవాళ్ళు పలకరించి, టీ తాగి, బండిని వేరే షెడ్డుకు తీసుకుపోయేవాళ్ళు. తప్పని ఎట్లా అంటాం! బ్రేకు అంటే ప్రాణాల మీది పని. పక్కనే నాపరాళ్ళ పాలిష్ యూనిట్ నడిపే జంగప్ప సేటు మంచివాడే. రాళ్ళు పేర్చుకోవడానికి షెడ్డు ఇవ్వమని నెమ్మదిగా అడిగాడు.

"ఆలోచన చేయప్పా. ఆదివారం చెప్పితే సాకు, అంతే చాలు" అన్నాడు తన కన్నడం కలిసిన తెలుగులో.

ఆ గురువారమే మల్లిక తన పాత కారు తెచ్చి షెడ్డు ముందు ఆపింది.

"అన్నా, బ్రేకు మెత్తగున్నది. రెండుసార్లు తొక్కితే గాని ఆగుతలేదు. సోమారం నుంచి మళ్ళ డ్యూటీకి దీనిమీదనే పోవాలె. శనారం వరకు చేస్తవా?"

కుమారస్వామి కళ్ళలో వెలుగు రావడం శ్యామల చూసింది. ఆ రాత్రి అన్నం దగ్గర అతను ఒకే మాట అన్నాడు. "గీ ఒక్క బండి చేసి చూస్త. అయిందా, షెడ్డు మనది. కాలేదా, జంగప్పకే ఇచ్చేస్త. ఇంక నన్నెవ్వరు మెకానిక్కు అనొద్దు."

ముందు కుడి చక్రం దగ్గర ఆయిల్ చెమర్చింది. చక్రాన్ని ఆపే ప్యాడ్లను అదిమిపట్టే కాలిపర్ అనే దిమ్మెలో రబ్బరు పాడైంది. ఒక పక్క మారిస్తే రెండో పక్క కూడా మార్చడం మంచిది. కుమారస్వామికి ఒక పద్ధతి ఉండేది. ఒక పక్క విప్పి, బిగించి, ఆ పని పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకునేవాడు. ఈసారి మాత్రం తొందర. ఒకప్పటి కుమారస్వామి ఎట్లా చేసేవాడో అందరికీ చూపించాలి కదా! రెండు కాలిపర్లూ ఒకేసారి విప్పి, గోనెసంచి మీద పక్కపక్కనే పెట్టి, కడిగి, రబ్బర్లు మార్చి బిగించాడు. ఎడమ చెయ్యి జారినప్పుడల్లా పళ్ళు బిగబట్టాడు.

శనివారం మధ్యాహ్నం గాలి తీయడానికి కూర్చున్నారు. ఎనిమిది నెలల తర్వాత శ్యామల చెప్పులు విడిచి సీట్లో కూర్చుంది.

"తొక్కు."

"తొక్కిన."

"పట్టు."

"పట్టిన."

ఆ గొంతు కింది నుంచి వినబడుతుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. నాలుగు చక్రాలూ అయ్యాయి. సీసాలోకి బుడగలు రావడం ఆగిపోయింది. కుమారస్వామి బానెట్ పట్టుకుని లేచాడు. నుదుటి మీద గ్రీజు, చెమట. ఎడమ కనురెప్ప ఇంకా కాస్త వాలే ఉంది.

"ఎట్లున్నది?"

శ్యామల తొక్కింది. పెడల్ సగం దాకా దిగింది. నానిన అటుకుల మీద కాలు పెట్టినట్టుంది. ఆమె తలెత్తి అతని మొహం చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది. పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లవాడిలా ఉన్నాడు.

"గట్టిగనే ఉన్నది" అంది.

ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె కాలికి తెలిసింది ఒకటి, నోరు చెప్పింది ఇంకొకటి.

కుమారస్వామి మొహం చూడాలి! వెంటనే మల్లికకు ఫోను చేశాడు. "చెల్లె, అయిదింటికి వచ్చి తీస్కపో. మస్తు అయింది." ఆగకుండా జంగప్ప గేటు దాకా నడిచాడు. "సేటూ, రేపు చెప్తనన్న జవాబు ఇయ్యాల్నే చెప్పాల్నా?" అని నవ్వాడు. "రేపు అంటే రేపే చెప్పప్పా, తొందర ఏనిదె" అని జంగప్ప కూడా నవ్వాడు.

శ్యామల షెడ్డు వెనక స్టవ్వు మీద టీ పెట్టింది. పాలు పొంగి కిందపడుతున్నా చూడలేదు. ఆమె కళ్ళకు వికారాబాద్ దారిలోని అనంతగిరి ఘాట్ కనబడుతోంది. సోమవారం సాయంత్రం మల్లిక డ్యూటీ దిగి, ఆ మలుపుల్లో దిగివస్తుంది. ఎదురుగా సిమెంటు లారీ వస్తుంది. మల్లిక బ్రేకు తొక్కుతుంది. ఆ తర్వాతది శ్యామల ఊహించలేకపోయింది. వికారాబాద్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే బిందు సెలవులకు ఇంటికొచ్చేది కూడా ఆ బండిలోనే. ఏం పని చేసిన నేను, ఏం మనిషిని, అని తన చెంప తనే వాయించుకుంది.

స్టవ్వు ఆర్పి షెడ్డులోకి వచ్చింది. కుమారస్వామి చక్రం బోల్టులు ముందేసుకుని ఏదో కూని రాగం తీస్తున్నాడు. ఆ రాగం ఆమె విని ఎనిమిది నెలలైంది.

"చక్రాలు బిగించకు" అంది.

"ఎందుకు?"

"బ్రేకు మెత్తగనే ఉన్నది. నేను అబద్ధం చెప్పిన."

రాగం ఆగిపోయింది. కుమారస్వామి చేతిలోని బోల్టు కింద పెట్టాడు. అరిస్తే బాగుండునని శ్యామలకు అనిపించింది. అతను అరవలేదు.

"నా చెయ్యి పోయిందని నాకు ఎరికే" అన్నాడు చివరికి. "నీ కాలున్నదనే ధైర్యంతోని పానా పట్టిన. అది గూడ పాయె."

చెంపమీద కొట్టినా ఆమెకు అంత నొప్పి ఉండేది కాదు.

"నీ మొహం చూసి చెప్పిన. తప్పయింది. ఇంకోసారి చెప్ప" అంది ఏడుపు మింగుకుంటూ.

"నా మొహం చూసెటందుకు ఇల్లున్నది. పెడల్ మీద కూసుంటే నా మొహం చూడకు."

ఆమె తల ఊపింది. అతను బోల్టులు పక్కకు తోసి, కష్టంగా లేచాడు. కోపం ఉంది, బాధ ఉంది. కానీ బండి ఎదురుగా ఉంటే మెకానిక్కు బుర్ర ఊరుకోదు.

"తొక్కి గట్టిగ పట్టు. మెల్లగ కిందికి జారుతున్నదా?"

శ్యామల తొక్కి పట్టింది. పాదంతో శ్రద్ధగా విన్నది. "జారుతలేదు. ఉన్న కాడనే ఉన్నది."

"అయితే పైనుంచి ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ మంచిగనే ఉన్నది. ఇప్పుడు టకటక నాలుగుసార్లు తొక్కు."

"పైకొస్తున్నది. గట్టిపడ్డది. జర ఆగి తొక్కితే మళ్ళ దిగుతున్నది."

"గాలే" అన్నాడు కుమారస్వామి. "ఎక్కడనో గాలి దాసుకున్నది. గొట్టాలు చూసిన, ఎక్కడ కారుతలేదు. బుడగలు ఆగేదాక తీసిన. ఇంకెక్కడికెళ్ళి వచ్చిందే ఈ గాలి?"

మళ్ళీ కూర్చుని తీయబోయాడు. ఎడమ చెయ్యి వణికి, పానా జారి కిందపడింది. తీశాడు. మళ్ళీ పడింది. గడియారంలో నాలుగున్నర.

"దిగు నువ్వు" అన్నాడు అలసటగా. "నా చెయ్యి ఇంక లేస్తలేదు. నేను తొక్కుత, నువ్వు తెరువు."

శ్యామల బిత్తరపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆమె చక్రం దగ్గర కూర్చోలేదు. గాలి ఏ బొక్కలోంచి బయటికి వస్తుందో కూడా చూడలేదు. ఆమెకు తెలిసిందంతా పైనే. కుమారస్వామి మెల్లగా సీట్లోకి ఎక్కాడు. ఆమె కుడి చక్రం దగ్గర గోనెసంచి మీద చతికిలపడింది.

"నిపుల్ ఎక్కడుంటది?"

"కాలిపర్ వెనకకెళ్ళి చూడు. పైన ఉంటది, చిన్న రబ్బరు టోపీ పెట్టుకొని."

"పైన ఏం లేదు."

"సరిగ్గ చూడవే. పైననే ఉంటది."

"నాకు కండ్లు మంచిగనే ఉన్నయ్. పైన లేదు. కిందున్నది."

కుమారస్వామి స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు.

"ఏంది, పలుకవ్?"

"ఎడమ చక్రం దిక్కు పోయి చూడు."

ఆమె లేచి, బండి చుట్టూ తిరిగి, అటువైపు వంగి చూసింది. "ఇక్కడ గూడ కిందనే ఉన్నది. టోపీ నేలదిక్కు చూస్తున్నది."

శ్యామల లేచి అద్దంలోంచి చూసింది. కుమారస్వామి స్టీరింగు మీద నుదురు ఆనించి ఉన్నాడు.

"ఎడమది కుడికి పెట్టిన. కుడిది ఎడమకు" అన్నాడు తలెత్తకుండా. "నీళ్ళల్ల బుడగ ఎటు పోతది? పైకి పోతది. నిపుల్ పైనుంటేనే గాలి ఎల్తది. కిందికయితే ఆయిల్ ఎల్తది గాని, గాలి పైననే కూసుంటది. దినమంత తీసినా రాదు. నా చేతితోనే తెరిచిన, కిందున్నదన్న ధ్యాసే లేదు. నిన్నగాక మొన్న నేర్చుకున్నోడు గూడ గీ తప్పు చెయ్యడు శ్యామలా. ఏది ఎడమనో, ఏది కుడినో తెల్వకుంట అయిపోయిన. షెడ్డు జంగప్పకే ఇచ్చేస్త."

శ్యామల తలుపు తీసి, అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గ్రీజు చేత్తోనే అతని ఎడమ చెయ్యి పట్టుకుంది.

"ఎనిమిది నెలల సంది నీ ఎడమ దిక్కు చూస్తున్నది ఎవ్వరు?"

అతను స్టీరింగు మీది నుంచి తలెత్తాడు.

"పళ్ళెం తిప్పుతున్నది ఎవ్వరు? నీ చొక్కా ఎడమ చెయ్యి తొడుగుతున్నది ఎవ్వరు? ఆ దిక్కు సంగతి నాకిడిసిపెట్టు. గాలి ఎక్కడ దాసుకుంటదో నువ్వు చెప్పు, అది నాకు తెల్వదు. నాకు తెల్వనిది నీకు తెల్సు, నీకు కనబడనిది నాకు కనబడ్తది. ఇద్దర్ని కలిపితే ఒక నిండు మెకానిక్కు కాదా మనం?"

కుమారస్వామి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. కుడి కంటివి తుడుచుకున్నాడు. ఎడమ కంటివి మరిచిపోయాడు. ఆమె కొంగుతో తుడిచింది.

"కొంగుకు గ్రీజు అంటుతది" అన్నాడు.

"అంటనీ."

అయిదింటికి మల్లిక వచ్చేసరికి బండి ముందు చక్రాలు రెండూ ఇంకా విప్పే ఉన్నాయి. శ్యామల నేల మీద కూర్చుని కాలిపర్ బోల్టులు విప్పుతోంది. కుమారస్వామి స్టూలు మీద కూర్చుని ఏ బోల్టు ఎటు తిప్పాలో చెబుతున్నాడు. మల్లిక నోరు తెరిచింది.

"అయిందన్నవ్ కదన్నా?"

అబద్ధం చెప్పడానికి కుమారస్వామికి ఎన్ని దారులో! సామాను దొరకలేదనొచ్చు, కరెంటు పోయిందనొచ్చు. అతను లేచి నిలబడ్డాడు.

"కాలేదు చెల్లె. నేను ఎడమది కుడికి బిగించిన. మీ వదిన పట్టుకున్నది. నీకు భయమైతే బండి వేరేకాడికి తీస్కపో, నేనేమనుకోను."

మల్లిక అతన్ని చూసింది, నేల మీదున్న శ్యామలను చూసింది. పడిపోయిన అన్న కాలికి మళ్ళీ బలం రావడం దగ్గరుండి చూసిన మనిషి ఆమె.

"టీ ఉన్నదా వదినా?" అని బెంచీ మీద కూర్చుంది.

శ్యామల తన పాత చీర అంచులు చింపి, ఎడమ కాలిపర్‌కు పసుపురంగు పేలిక, కుడిదానికి ఎర్ర పేలిక కట్టింది. బిగించాక కుమారస్వామి రెండు పక్కలా వంగి, నిపుల్ పైన ఉందని వేలితో ముట్టుకుని చూసుకున్నాడు. ఎడమ పక్కకు వెళ్ళడం మరిచిపోబోతే శ్యామల దగ్గింది. అతను సీట్లో కూర్చున్నాడు. ఈసారి పిలుపు ఆమెది.

"తొక్కు."

"తొక్కిన."

"పట్టు."

"పట్టిన."

నిపుల్ తెరవగానే బుస్సుమని బుడగలు వచ్చాయి. ఒకటా రెండా! సీసా నిండా నురగ. "వచ్చింది, వచ్చింది! దొంగ గాలి!" అని శ్యామల చిన్నపిల్లలా అరిచింది. గొంతు తగ్గించి, "వదులు" అంది.

అన్నీ అయ్యాక ఆమె చేతులు కడుక్కుని, చెప్పులు విడిచి పైకెక్కింది. కుమారస్వామి బండికి వీపు తిప్పి రోడ్డువైపు నిలబడ్డాడు. తన మొహం ఆమెకు కనబడకూడదని.

శ్యామల తొక్కింది. కాస్త దిగి, పాదం కింద పెడల్ నిలబడిపోయింది. మళ్ళీ తొక్కింది. కదలలేదు.

"గట్టిగున్నది" అంది.

అతను తిరగలేదు. భుజాలు మాత్రం కిందికి దిగాయి.

"నేను బండిల వస్త మల్లికా" అని శ్యామల మల్లికతో అంది. "రేపు ఆదివారం. ఘాట్ దిగి చూస్తేగాని నిన్ను సోమారం పోనియ్య."

ఆదివారం పొద్దున ముగ్గురూ బయల్దేరారు. మల్లిక స్టీరింగు ముందు, శ్యామల పక్క సీట్లో, కుమారస్వామి వెనక. ధారూర్ దాటేదాకా రెండు పక్కలా కందిచేలు పసుపురంగు పూత మీద ఉన్నాయి. ఘాట్ ఎక్కి, వికారాబాద్ వెళ్ళి, బిందుకు హాస్టల్ గేటు దగ్గర సజ్జరొట్టెలు ఇచ్చి, వెనక్కి తిరిగారు. అసలు పరీక్ష దిగేటప్పుడే.

రెండు మలుపులు బాగానే గడిచాయి. మూడో మలుపులో ఎదురుగా లోడు లారీ సగం రోడ్డు ఆక్రమించి వచ్చింది. మల్లిక బ్రేకు తొక్కింది. పక్క సీట్లో శ్యామల వట్టి పాదం కూడా నేలను గట్టిగా తొక్కింది. వెనక సీట్లో కుమారస్వామి ఊపిరి బిగబట్టాడు. బండి మారు మాట లేకుండా నిలబడింది. లారీకీ దానికీ మధ్య ఒక మనిషి నడిచిపోయేంత జాగా. లారీ మూలుగుతూ పైకి వెళ్ళిపోయింది.

"ఒక్కసారే తొక్కిన అన్నా" అంది మల్లిక, నవ్వుతూ, కళ్ళలో నీళ్ళతో.

కుమారస్వామి జేబులోంచి ఫోను తీశాడు.

"జంగప్ప సేటూ, నేను కుమారస్వామిని. ఏమనుకోకు. షెడ్డు ఇయ్యలేం. ఇయ్యాల్టి నుంచి దాంట్ల ఇద్దరు మెకానిక్కులున్నరు."

శ్యామల వెనక్కి తిరిగి చూడలేదు. సీటు సందులోంచి చెయ్యి వెనక్కి చాపింది. అతను పట్టుకున్నాడు, ఎడమ చేత్తో. సగం బలమే ఉన్న ఆ చెయ్యి ఘాట్ దిగేదాకా వదలలేదు.